పడవ ట్రైలరు – దూర ప్రయాణానికి సన్నాహం

సమీపంలోని సరస్సుకు పది మైళ్ళు పడవను లాగుకొని పోవడం వేరు. వందల మైళ్ళు రహదారిపై లాగడం వేరు. అరిజోనాలోని ఫీనిక్స్ నగరం నుండి పావెల్ సరస్సు సమీపాన గల పేజ్ పట్టణానికి సుమారు 280 మైళ్ళు. నడుమ ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్నది. వేసవి ఎండలో ఈ దారిన సాగే పడవ ట్రైలరుకు అసలైన పరీక్ష దాని చక్రాల హబ్బులలో, కంటికి కనబడని చోట జరుగుతుంది.

ట్రైలరు చక్రాలు సాధారణంగా చిన్నవి. 21 అంగుళాల వ్యాసం గల చక్రం మైలుకు సుమారు 960 సార్లు తిరగాలి. 26 అంగుళాల కారు చక్రానికి 780 చాలు. అనగా పేజ్ చేరేసరికి ఆ చిన్న చక్రం దాదాపు 2,70,000 సార్లు తిరుగుతుంది. ఆ శ్రమనంతా భరించేవి బేరింగులు. ఎద్దుబండి ఇరుసుకు కందెన ఎంత అవసరమో, వీటికి గ్రీజు అంత అవసరం.

అయితే పడవను దింపేటప్పుడు ఈ చక్రాలు నీట మునుగుతాయి. ప్రయాణంలో వేడెక్కిన హబ్బు చన్నీటిలో మునగగానే లోపలి గాలి సంకోచిస్తుంది. అప్పుడేర్పడే పీడన భేదం వలన, సీలు అరిగి ఉన్నచో నీరు లోనికి పీల్చబడుతుంది. గ్రీజు శక్తి తగ్గి, ఉక్కు తుప్పు పడుతుంది. తరువాతి ప్రయాణంలో ఆ బేరింగు కాగి, బిగుసుకొని, చివరకు చక్రమే ఊడిపోవచ్చును.

కనుక ప్రయాణానికి కొన్ని రోజుల ముందే ట్రైలరును జాకీపై నిలిపి చక్రాన్ని తిప్పి చూడాలి. గరగర శబ్దం గాని, అటూ ఇటూ ఊగడం గాని ఉంటే హబ్బు విప్పించాలి. గ్రీజు పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లే. పాత గ్రీజును పూర్తిగా కడిగి, బేరింగులను పరీక్షించి, నీటికి తట్టుకొనే గ్రీజును, కొత్త సీలును వేయించాలి. దారిలో ఆగినప్పుడెల్లా హబ్బుల దగ్గర అరచేయి ఉంచి వేడిని పోల్చాలి. ఒకటి మిగిలిన వాటికంటే బాగా వేడిగా ఉంటే ముందుకు సాగరాదు. గమ్యం చేరిన పిదప, హబ్బులు చల్లారిన తరువాతనే నీటిలోనికి దింపాలి.

టైర్లలో గాలి తక్కువైతే పక్కగోడలు అధికంగా వంగి వేడెక్కుతాయి. అందుచేత టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. టైరుపై డి.ఓ.టి. సంకేతంలోని చివరి నాలుగంకెలు దాని వయస్సును తెలుపుతాయి: 2319 అనగా 2019వ సంవత్సరం 23వ వారం.

ఇక బరువు. బండిలో వెనుక బరువు ఎక్కువైతే ఎద్దుల మెడపై కాడి పైకి లేస్తుంది. ఇక్కడ అదే జరిగితే వేగంలో ట్రైలరు పాములా ఊగి కారును కూడా లాగివేస్తుంది. తయారీదారు వేరుగా చెప్పనిచో, మొత్తం బరువులో 10 నుండి 15 శాతం కారు కొక్కెంపై పడాలి. 3,000 పౌన్లకు 300 నుండి 450 పౌన్లు.

భద్రతా గొలుసులను కొక్కెం కింద అడ్డదిడ్డంగా దాటించి తగిలించాలి. కొక్కెం ఊడినా ట్రైలరు ముందుభాగం నేలను తాకకుండా అవి ఊయలవలె పట్టుకుంటాయి. దీపాలు, పడవ వెనుక పట్టీలు, అదనపు చక్రం సరిచూచుకోవాలి. మొదటి 50 మైళ్ళ తరువాత చక్రాల నట్లు మళ్ళీ బిగించాలి. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే వాహనాల వేగ పరిమితి గంటకు 55 మైళ్ళని గుర్తుంచుకోవాలి.

ఊడిన చక్రం ఎవరి కారుకు తగులుతుందో చెప్పలేము. ఒక పూట ఓపికతో చేసిన ఈ తనిఖీ మన పిల్లలతో పాటు, మన వెనుక వచ్చే వారి పిల్లలకు కూడా రక్షణ.