వసంత్ కుంజ్ చిరునామాలలో ‘పాకెట్టు’

ఢిల్లీ నగరమునందలి వసంత్ కుంజ్ చిరునామాలలో ‘సెక్టర్ సి, పాకెట్ 8’ వంటి పంక్తి కాననగును. తెలుగువారికి ‘పాకెట్టు’ అనగానే చొక్కా పాకెట్టు, పాల పాకెట్టు తోచును. ఇచ్చట రెండును పొసగవు.

ఈ రెండును ఒకే పదముయొక్క అర్థములు కావు. మొదటిది చిన్న సంచిని తెలుపు ఆంగ్లో-నార్మన్ పదమునుండి ఆంగ్లమునకు వచ్చినది. ‘జేబు’ దీనికి సమానార్థకము. రెండవది ‘మూట’ అను అర్థముగల వేఱొక పదమునుండి పుట్టినది. ఆంగ్లమున వీని తొలి అచ్చులు వేఱు. ‘డాక్టరు’, ‘బాంకు’ అను మాటలలో భిన్నములైన ఆంగ్లపుటచ్చులు తెలుగున ఒకే ఆకారమైనట్లు, ఇవియు ‘పాకెట్టు’గా కలిసిపోయినవి. రెండవదానిని ‘ప్యాకెట్టు’ అని వ్రాయువారును కలరు.

వసంత్ కుంజ్‌లోనిది మొదటి పదమే. ఆంగ్లమున దాని యర్థము సంచినుండి, పరిసరములకంటె వేఱుగా ఇమిడియున్న చిన్న ప్రదేశమునకు వ్యాపించినది. 1957లో ఏర్పడిన ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నిర్మించిన ఈ నివాసములలో అది సెక్టరునందలి ఉపవిభాగమునకు పేరైనది. మయూర్ విహార్‌లోను ఈ వాడుక కలదు. ‘పేట’, ‘వాడ’ దీనికి సరిపడవు. అవి జనవ్యవహారమున స్థిరపడిన పేర్లు, ఇది పటముపై అంకెతో గుర్తించిన భాగము.

కావున నిఘంటువున ‘పాకెట్టు’ను రెండు వేర్వేఱు పదములుగా చూపి, మొదటిదానిక్రింద ఈ నివాసవిభాగార్థమును చేర్పవలెను. అట్లు చేయనిచో, చిరునామాను ‘జేబు 8’ అని తెనిగించువానిని తప్పుపట్టుటకు నిఘంటువున ఆధారముండదు.