తాటిదోనె, దాని సంగడి

నీటిపై నడచు సాధనములలో ఇంటివద్దనే సులభముగా చేసికొనదగినది ఏది యని మన విద్యార్థులు కొందఱు అడుగుట కలదు. ఓడలకును, లాంచీలకును కర్మాగారములు వలయును. చేపలు పట్టుకొనుటకును, లంకనుండి లంకకు పోవుటకును ఒక గొడ్డలి, ఒక బాడిస, కొంత ఓర్పు ఉన్న చాలును. అట్టి సాధనమే తాటిదోనె. దానిని చేయు విధమును, అది తేలుటకును బోర్లపడుటకును గల కారణములను ఇచ్చట వివరింతుము.

కొండపల్లివారికి దోనెతో నేమి పని యని అనుకొనరాదు. మన యూరి చేరువను పాఱు బుడమేరు తుదకు కొల్లేటిలో కలియును. తమ్మిలేరును అందే పడును. ఆ సరస్సు నీటిని ఉప్పుటేరు సముద్రమునకు గొనిపోవును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరు లోతు తక్కువైన మంచినీటి సరస్సు. దానిని 1999లో అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలలో చేర్చిరి. నాచును, తూడును దట్టముగా నల్లుకొన్న అట్టి నీటిలో పెద్ద పడవలు సాగవు. కావుననే లంక గ్రామములవారు తరతరములుగా తాటిదోనెలను వాడుచు వచ్చిరి. ఇటీవల ఫైబరు పడవలు వచ్చినను దోనెలోని నేర్పు తెలిసికొనదగియే యున్నది.

తేలికయైన పడవకు తేలికయైన కఱ్ఱ వలయునని తోచుట సహజము. మన బొమ్మలవారు వాడు తెల్లపొణికి కంటె తేలికయైన కఱ్ఱ ఈ ప్రాంతమున అరుదు. దానితో పడవ చేయరాదా? చేయరాదు. ఆ కఱ్ఱ మెత్తనిది; తేమను త్వరగా పీల్చుకొనును. అందుచేతనే బొమ్మలవారు ముందుగా దానిని సన్నని సెగపై కాచి, లోని తేమను పోగొట్టి, పిమ్మట చెక్కుదురు. పడవకు కావలసిన తేలిక కఱ్ఱనుండి రానక్కఱలేదు. లోపలి ఖాళీనుండి వచ్చును. ఇనుప ఓడ తేలుటయు ఇందువలననే.

ఈ ఖాళీని చేయుటకు తాడు వంటి చెట్టు మఱి లేదు. వేప, టేకు మొదలగు వృక్షములలో చేవ నడుమ నుండును. తాటియందు అది తాఱుమాఱు: గట్టి నారలు వెలుపలి అంచున దట్టముగా కూడియుండును, లోపల మెత్తని బెండు ఉండును. అనగా తొలగింపవలసిన భాగము మెత్తగను, నిలుపుకొనవలసిన భాగము గట్టిగను ప్రకృతియే అమర్చియుంచినది. తాటిమ్రాను మొదలు లావుగా ఉబ్బియుండుటయు మఱియొక సౌకర్యము.

ఇక చేయు విధము. బాగుగ ముదిరి, నిటారుగ పెరిగిన తాటిని ఎన్నుకొనవలెను. గాలికి కూలినది దొరకిన మఱియు మేలు. ఏలయన తాడు ముదురుటకు పెక్కేండ్లు పట్టును. మొదటి ఉబ్బు చెడకుండ వేళ్లవద్ద త్రవ్వి నఱికి, కావలసినంత పొడవున మ్రానును కోయవలెను. దానిని నిలువున రెండు బద్దలుగా చీల్చినచో ఒక మ్రానున రెండు దోనెలగును. బాడిసతో బెండును తోడివేసి, అంచులను అంగుళము మందమున నిలుపవలెను. ఉబ్బుగనున్న వైపు లోపలివఱకు తొలువక విడిచినచో అదియే మూసిన ముక్కగును. రెండవ కొన తెఱచియుండును గనుక దానికి పలక బిగించి, సందులను బంకమట్టితో మెత్తవలెను. ఆరిన పిదప వెలుపల తారు పూసిన నీరు పట్టుట తగ్గును. లోతులేని నీటిలో దీనిని గెడతో నడుపుదురు.

ఇట్టి దోనె ఎంత బరువు మోయగలదు? లెక్క వేసి చూతము. పొడవు 4 మీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు, ఆకారము సగము గొట్టము అనుకొందము. అర్ధవృత్త వైశాల్యమును పొడవుచే గుణించిన సుమారు 0.25 ఘనమీటరు వచ్చును. ఆర్కిమిడీసు సూత్రమును బట్టి అంచులవఱకు మునిగినపుడు దోనె తొలగించు నీరు 250 కిలోలు. దోనె 50 కిలోలు, ఎక్కినవాడు 50 కిలోలు ఉన్నచో మొత్తము 100 కిలోలు. అప్పుడది తన లోతులో సుమారు సగము మాత్రమే మునుగును. తేలుట విషయమున భయము లేదు.

భయము దొర్లుటయందున్నది. దోనె అడుగు గుండ్రనిది. అది ఎటు ఒఱగినను నీటి ఒత్తిడి ఆ వృత్తకేంద్రము గుండనే, అనగా ఇంచుమించు పై అంచు మట్టముననే, పైకి పనిచేయును. దోనెయు మనుష్యుడును కలిసిన గరిమనాభి ఆ మట్టమునకు దిగువ నున్నంతవఱకు దోనె నిలుచును. పైకి పోయినచో బోర్లపడును. అడుగున కూర్చున్నవాడు అంతంతమాత్రముగ క్షేమముగ నుండును. లేచి నిలిచినవాడు, ఏండ్ల అభ్యాసము లేనిచో, నీటిలో పడును. తేలిన పడవయంతయు నమ్మదగిన పడవ కాదు.

దీనికి మన పూర్వులు కనుగొన్న ఉపాయమే సంగడి. రెండు దోనెలను కొంత యెడముగా ప్రక్కప్రక్కన నుంచి, అడ్డముగా వాసములు వేసి, త్రాళ్లతో బిగింతురు. బరువు కుడికి జరిగినచో కుడిదోనె మఱికొంత మునిగి పైకి త్రోయును. ఎడమది నీటినుండి లేచి తన బరువుతో క్రిందికి లాగును. రెండును కలిసి ఒఱగుటను అడ్డగించును. ఒక్క మ్రాను చీలి ఏర్పడిన రెండు బద్దలు మరల ఒకటై నిలుచుట చూడ ముచ్చట గొల్పును. సంగడి యనగా మన భాషలో చెలిమి యనియు అర్థము. సంగడికాడు అనగా స్నేహితుడు.

ఈ విషయమును పరీక్షించుటకు చెఱువునకు పోనక్కఱలేదు. రెండు ప్రక్కల కణుపులు గల వెదురుముక్కను నిలువున చీల్చుడు. రెండు చిన్న దోనెలగును. ఒకదానిని నీళ్లతొట్టిలో విడిచి, చిన్న మట్టిముద్దను అడుగున నుంచుడు: నిలుచును. ఆ ముద్దనే పుల్ల చివర గ్రుచ్చి దోనెలో నిలువబెట్టుడు: బోర్లపడును. రెండు దోనెలను పుల్లలతో ఎడముగా కట్టి, నడుమ ఆ పుల్లనే నిలిపి చూడుడు. ఎంత యెడమున నిలుచుచున్నదో కొలిచి వ్రాసికొనుడు.

ఇది వినోదమునకు మాత్రమే చెప్పలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, కొండపల్లి సమీపమున దాని మళ్లింపు కాలువకు గండ్లు పడెను. విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నుండెను. బండ్లు తిరిగిన వీథులలో పడవలు తిరిగెను. ఆ గండ్లు పూడ్చుటకు సైన్యమును రావలసివచ్చినది. అట్టి సమయమున పడవలో ఎక్కడ కూర్చుండవలెను, ఏల లేచి నిలువరాదు, అందఱు ఒక ప్రక్కకు ఏల ఒఱగరాదు అను సంగతి ఎఱిగిన బాలుడు ఇంటిల్లపాదికిని ఉపకరించును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. తొట్టిలోని వెదురుదోనెతో పిల్లలను స్వేచ్ఛగా ఆడనిండు. నిజమైన నీటిలో మాత్రము ఈత నేర్చినను, తేలుచొక్కా తొడిగినను, పెద్దలు తోడులేక దోనె ఎక్కనీయకుడు. వరదనీటిలో ఇంటిలో చేసిన దోనెను ఎన్నడును దింపరాదు.