ఇంటివంశంలో ఆమవాతం ఉన్నప్పుడు

పెళ్ళి సంబంధం కుదిరేటప్పుడు గోత్రము, నక్షత్రము, గుణమేళనము పెద్దలు ఎంతో శ్రద్ధగా విచారిస్తారు. అమ్మాయి తల్లికి కీళ్ళవాపులు ఉన్నాయనో, మేనత్తకు బొల్లి ఉన్నదనో మాత్రం ఎవరూ నోరు మెదపరు. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం. ఈ మౌనం వల్ల సంబంధాలు నిలుస్తున్నాయేమో గాని, కీళ్ళు నిలవడం లేదు. కుమార్తె వ్రేళ్ళ వాపును పెళ్ళి అయ్యేవరకు దాచి, ఆ తరువాత వైద్యుని వద్దకు తీసుకువచ్చే తల్లిదండ్రులను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ దాచిన కాలమే చికిత్సకు అత్యంత విలువైన కాలం.

దేహాన్ని కాపాడవలసిన రక్షణశక్తి దారి తప్పి, స్వంత ధాతువులనే శత్రువులుగా ఎంచి దాడి చేయడం వల్ల కొన్ని వ్యాధులు కలుగుతాయి. థైరాయిడ్ గ్రంథి మీద దాడి జరిగితే ఆ గ్రంథి క్రమంగా మందగిస్తుంది. చర్మానికి రంగునిచ్చే కణాల మీద జరిగితే బొల్లి వస్తుంది. పసితనంలోనే ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం కూడా ఈ కోవలోనిదే. కీళ్ళ లోపొర మీద జరిగితే నేటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మాధవనిదానంలో వర్ణించబడిన ఆమవాత లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి. దేహం తన్ను తానే పీడించుకుంటుందంటే ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులే నమ్మలేదు. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ళపై చేసిన పరిశోధన ఆ సందేహాన్ని చాలావరకు తొలగించింది.

ఇక వంశం సంగతి. తల్లిదండ్రుల నుండి సంక్రమించే వ్యాధులను సుశ్రుతుడు ఆదిబలప్రవృత్తములని పేర్కొని, మాతృజములు, పితృజములు అని విభజించాడు. బీజంలో ఏ భాగం దోషయుక్తమైతే ఆ భాగం నుండి ఏర్పడే అవయవమే వికృతి చెందుతుందనీ, అందువల్ల తల్లిదండ్రుల వైకల్యం బిడ్డకు తప్పక రావలసిన పని లేదనీ చరకసంహిత శారీరస్థానంలో వివరణ ఉన్నది. నేటి జన్యుశాస్త్రం చెప్పేదీ దీనికి విరుద్ధం కాదు. ఒకే పిండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ కీళ్ళవ్యాధి వస్తే, రెండవవారికి వచ్చేది నూటికి సుమారు 15 మందికే. బీజం అచ్చంగా ఒకటే అయినా తక్కినవారికి రాలేదు. కనుక సంక్రమించేది వ్యాధి కాదు, వ్యాధికి అనుకూలమైన తత్త్వం మాత్రమే. ధూమపానం వంటి కారణాలు దానికి తోడై వ్యాధిని రేపుతాయి.

ఈ తత్త్వం ఒక్కొక్కరిలో ఒక్కొక్క రూపంలో బయటపడవచ్చును. తల్లికి థైరాయిడ్, పెద్దమ్మాయికి కీళ్ళు, చిన్నవాడికి బొల్లి. మూడూ వేర్వేరు గ్రహచారాలని ఇంటివారు అనుకుంటారు. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద వ్రాసి వైద్యునికి చూపితే ఆయన పని సగం తేలికవుతుంది.

ఇటువంటి ఇళ్ళలో ఏమి గమనించాలి? మోకాలు నడిచినకొద్దీ నొప్పి పెట్టి, విశ్రాంతితో తగ్గితే అది చాలావరకు వయసుతో వచ్చే సంధివాతం. ఉదయం లేవగానే రెండు చేతుల వ్రేళ్ళు, మణికట్లు బిగుసుకుపోయి, సడలడానికి గంట పైగా పట్టడం, కణుపుల వద్ద వాపు, జ్వరపు నలత, అరుచి ఆమవాతం వైపు చూపుతాయి. స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం. ప్రసవానంతర మాసాలలో ఇదీ, థైరాయిడ్ దోషమూ కూడా తలెత్తవచ్చును. మన ఇళ్ళలో దానిని బాలింతవాతమని చెప్పి కాయం తినిపిస్తూ నెలలు గడుపుతారు. వాపు ఆరు వారాలు దాటనీయక రక్తపరీక్షలు చేయించాలి. అదుపులేని వ్యాధి మొదటి రెండేళ్ళలోనే ఎముక అంచులను కొరికివేయగలదు. కొరికిన ఎముకను ఏ లేహ్యమూ తిరిగి నింపజాలదు.

గృహచికిత్సలో మొదట నిషేధం చెప్పాలి. నొప్పి అనగానే నూనె కాచి మర్దన చేయడం మనవారి అలవాటు. ఆమం ఉండి కీలు వాచి వేడిగా ఉన్నప్పుడు తైలమర్దన పనికిరాదు. ఇసుకను వేయించి, మూటగట్టి, ఓర్చుకోగలిగిన వేడితో పొడి కాపడం పెట్టడం బిగువు సడలడానికి శాస్త్రసమ్మతం. కీలు ఎర్రబడి మండుతుంటే అదీ ఆపాలి. శొంఠి కషాయంలో ఒక చెంచా వంటాముదం రాత్రివేళ, అదీ వైద్యుని అనుమతితో, తీసుకోవచ్చును. గర్భిణులు, విరేచనాలు అవుతున్నవారు ముట్టరాదు. పెరుగు, చేపలు, బచ్చలికూర, మినుపపిండి అపథ్యాలని గ్రంథాలు చెబుతాయి. మినుములు మానమంటే ఇడ్లీలు, గారెలు పోయినట్లే కనుక రోగులు నా మీద అలుగుతారు. వాపు తగ్గేవరకైనా తగ్గించమని బేరమాడుతుంటాను.

మరొక మాట. రోగనిరోధకశక్తిని పెంచుతాయని చెప్పే చూర్ణాలు ఈ కుటుంబాలకు తగవు. ఇక్కడ లోపించింది శక్తి కాదు, గురి. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు. అది తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. వారిలో కొందరికి ఇటువంటి స్వీయపీడక తత్త్వం ముందే ఉన్నది. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. వివాదం ఎలా ఉన్నా, ఇంట ఈ వ్యాధులున్నవారు తిప్పతీగను స్వయంగా వాడకుండుటే మేలని నా అభిప్రాయం. అశ్వగంధ థైరాయిడ్ స్రావాన్ని పెంచగలదు కనుక దానికీ ఇదే జాగ్రత్త.

అల్లోపతి వైద్యుడు మెథోట్రెక్సేట్ ఇస్తుంటే మా మందుల కోసం దానిని మానవద్దు. గర్భం ధరించదలచినవారు మాత్రం ముందుగానే ఆయనతో చెప్పి మార్పించుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. పేరు, కూర్పు వ్రాయని పొట్లాలలో మూడు రోజులకే నొప్పి మాయమైతే సంతోషించక సందేహించండి. అటువంటి పొడులలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కద్దు. ఆ పొట్లాన్ని పారవేయక, చికిత్స చేస్తున్న వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.