గడ్డకట్టినది కరిగితే మళ్ళీ మునుపటిదేనా?

మన తెలుగులో నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, నీరు గడ్డకడుతుంది. మూడు పనులకు మూడు మాటలు. మనం తరతరాలుగా కాపురముంటున్న చోట్ల అట్లా కాదు. కన్నడంలో పాలలో వేసే తోడు "హెప్పు", నీరు గడ్డకట్టడం "హెప్పుగట్టడం". తమిళంలోనూ ఈ రెండింటికీ "ఉఱై" అన్నదే మూలం. ఒక భాష గొప్ప, మరొకటి తక్కువ అని చెప్పడానికి కాదు ఈ ప్రస్తావన. మన మాటల్లో ఒక తేడా దాగి ఉన్నది. తోడుకున్న పెరుగును ఎంత కాచినా తిరిగి పాలు కాదు. పేరుకున్న నెయ్యి కాస్త వేడి తగిలితే మళ్ళీ మునుపటి నెయ్యే. మరి గడ్డకట్టిన నీరు ఏ కోవలోకి వస్తుంది? నీటితోపాటు గడ్డకట్టిన తక్కిన వస్తువుల మాటేమిటి? ఇంట్లో ఫ్రిజ్జి ఉన్న ప్రతివారూ తెలుసుకోదగిన విషయమిది. అందులో మందుసీసా కూడా ఉంటే తెలుసుకొని తీరవలసిన విషయం.

ముందుగా ఒక్కమాట. ప్రతి ద్రవానికీ గడ్డకట్టే మెట్టు ఒకటి ఉంటుంది. నీటికి అది సున్నా సెంటీగ్రేడు డిగ్రీ. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. బెంగుళూరులో మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారేసరికి నూనె సీసా తెల్లబడి ఉండడానికి కారణమిదే గాని, కల్తీ కాదు. పాదరసం సున్నాకు 39 డిగ్రీలు దిగువన గాని గట్టిపడదు. ఆల్కహాలు 114 డిగ్రీలు దిగువకు పోవాలి. ఉప్పు కలిసిన సముద్రపు నీటికి సున్నాకు దిగువన సుమారు రెండు డిగ్రీలు, పాలకు సుమారు అర డిగ్రీ. పాలలో నీళ్ళు పోసిన కొద్దీ ఈ మెట్టు సున్నాకు దగ్గరవుతుంది. పాలడెయిరీల పరీక్షశాలలలో పాలను గడ్డకట్టించి చూసి నీళ్ళు కలిపినదీ లేనిదీ చెప్పేది దీనినిబట్టే.

అయితే సున్నా డిగ్రీకి దిగినంతమాత్రాన నీరు గడ్డ అయిపోదు. తనలోని వేడిని ఇంకా వదులుకోవాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కేలరీ వేడి తీసివేస్తే చాలు. సున్నాలో ఉన్న అదే గ్రామును గడ్డకట్టించాలంటే 80 కేలరీలు తీసివేయాలి. కరిగేటప్పుడు ఐసు అంత వేడినీ తిరిగి పుచ్చుకోవాలి గనుకనే తొందరగా కరగదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టను నుండి 180 టన్నుల ఐసును ఓడలో పంపిస్తే, నాలుగు నెలల ప్రయాణం తరువాత కూడా కలకత్తాకు సుమారు 100 టన్నులు చేరింది. మద్రాసు సముద్రతీరాన ఆ వ్యాపారం కోసం 1842లో కట్టినదే ఐసుహవుసు. 1897లో వివేకానందస్వామి అందులో బసచేశారు. నేడది ఆయన స్మారకమందిరం.

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఉత్త నీరైతే కరగగానే మునుపటి నీరే. కాని నీటికొక వింత గుణమున్నది. చాలా ద్రవాలు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం 4 డిగ్రీల వరకు కుంచించుకొని, అక్కడినుండి తిరిగి వ్యాకోచిస్తుంది. గడ్డకట్టేటప్పుడు సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. గొంతుదాకా నింపి మూత బిగించిన గాజుసీసాను ఫ్రీజరులో పెడితే పగిలేది అందుకే. కరిగిన నీరు పాత నీరే, సీసా మాత్రం పాత సీసా కాదు.

నీటిలో మరేదైనా కలిసి ఉంటే కథ మారుతుంది. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు వరుసగా ఒకదానికొకటి అమరుతూ, తక్కిన వాటిని పక్కకు నెట్టివేస్తాయి. పిల్లలు పుల్లఐసు చప్పరించేటప్పుడు తీపీ రంగూ ముందుగా నోట్లోకి వచ్చి, చివరకు చప్పని తెల్లగడ్డ మిగలడం చూస్తూనే ఉన్నాం. పాలు గడ్డకట్టి కరిగితే వెన్న విడిపోయి పలుకులు పలుకులుగా కనిపిస్తుంది. తాగడానికి హాని లేదు గాని నునుపు పోతుంది. రోగకారక క్రిములైతే ఈ చలికి చాలావరకు చావవు, నిద్రపోతాయి. కరగగానే లేస్తాయి. కాబట్టి ఏ నీటితో చేశారో ఆ నీరెంత శుభ్రమో ఐసూ అంతే శుభ్రం. చేపలపై వేసే ఐసు వేసవిలో రసం గ్లాసులలోకి రాకూడదనే, తినదగని ఐసుకు నీలిరంగు కలపాలని మహారాష్ట్రలో 2018లో నియమం పెట్టారు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇన్సులిన్. మధుమేహం ఉన్నవారి ఇళ్ళలో ఈ మందు ఫ్రిజ్జిలోనే ఉంటుంది. "చల్లగా ఉంచండి" అన్నారు గదా అని ఐసు అర పక్కనే పెట్టేవారున్నారు. మాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దావిడ వేళతప్పకుండా మందు వేసుకుంటున్నా, పథ్యం పాటిస్తున్నా చక్కెర దిగలేదు. మోతాదు పెంచవలసి వస్తుందేమోనని ఇంటివారు కంగారుపడ్డారు. డాక్టరుగారు మాత్రం ముందుగా, "మందు ఎక్కడ పెడుతున్నారమ్మా?" అని అడిగారు. పైఅరలో, ఐసుకు ఆనించి పెడుతున్నారు.

ఇన్సులిన్ మాంసకృత్తు జాతికి చెందినది. నీరు గడ్డకట్టి దానిని ఇరుకున నెట్టినప్పుడు దాని అణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి. కరిగినా విడిపోవు. పాలు పెరుగైనట్టే, వెనక్కు రాదు. చూడడానికి తేటగానే ఉండవచ్చు, పని మాత్రం సరిగా చేయదు. చెడిన మందుతో చక్కెర దిగలేదని మోతాదు పెంచితే, తరువాత తెచ్చిన మంచి సీసా అదే మోతాదులో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు.

కాబట్టి వాడకముందు ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్జి తలుపు అరలోనో, మధ్య అరలోనో ఉంచాలి. వాడడం మొదలుపెట్టిన సీసాకు పెట్టెమీద రాసిన గడువు పాటించాలి. రైలు ప్రయాణంలో ఐసుగడ్డకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి ఉంచాలి. ఒకసారి గడ్డకట్టినదని తెలిస్తే, కరిగిన తరువాత ఎంత బాగా కనిపించినా, దాని ఖరీదు తలచుకొని మనసొప్పకపోయినా, ఆ సీసాను పారవేయవలసిందే.