ఎముకలు లేని సమాధి

పోయిన ఎపిసోడ్‌లో మా సైట్ సంగతి చెబుతూ సగంలో ఆపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ఇంగ్లండ్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్న మనవాళ్లు చూసే ఉంటారు, చాలా సైట్లకి పునాదుల కంటే ముందు ఆర్కియాలజీ వాళ్లొస్తారు. పొక్లెయిన్‌తో పైమట్టి గీసేస్తే లేతరంగు కంకర మీద నల్లటి మచ్చలు తేలతాయి. ఓ చిన్న మచ్చ చూపించి, "ఎముకల్లేవుగా, చెత్తగుంటే" అన్నాను. అక్కడున్న మేడమ్ ఒప్పుకోలేదు.

ఆమ్లం ఎక్కువున్న ఇసుక నేలల్లో 1400 ఏళ్లకి ఎముక కరిగిపోతుంది. సఫోక్‌లోని సటన్ హూలో కొన్ని సమాధుల్లో మిగిలింది మనిషి ఆకారంలో గట్టిపడిన నల్ల ఇసుకే.

మరి ఎలా తేలుస్తారు? ముందు కొలత. పెద్దవాళ్ల సమాధి పొడుగ్గా, ఇరుగ్గా, రెండు మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. ఆ కాలం ఊళ్లలో నేల తవ్వి పైన కట్టుకున్న గుడిసెలుండేవి. వాటి గుంట బాగా వెడల్పు, చాలావాటికి రెండు కొసల్లో గుంజలు పాతిన గుంతలుంటాయి. ఎసెక్స్‌లోని మకింగ్‌లో 1965 నుంచి 1978 దాకా తవ్వితే ఇలాంటి గుడిసెలు 200 పైనే దొరికాయి, పక్కనే రెండు శ్మశానాలు కూడా.

కానీ పసిపిల్లల సమాధి మామూలు గుంతంతే ఉంటుంది. అక్కడ చూడాల్సింది మట్టిని. సమాధి తవ్విన మట్టినే వెంటనే తిరిగి పోస్తారు కదా, పైదీ కిందిదీ కలగాపులగమైపోతుంది. చెత్తగుంట మెల్లగా నిండుతుంది: బూడిద, కుండపెంకులు, తిని పారేసిన పశువుల ఎముకలు, పొర మీద పొర. ఆ పొరలు కనబడాలనే గుంతని సగమే తవ్వి చూస్తారు. సమాధి అని అనుమానమొస్తే మాత్రం అలా కోయరు, తాపీతో పైనుంచి కొంచెం కొంచెం దించుతారు. అందుకే ముందుగానే పోల్చుకోవాలి.

వస్తువుల్లో కూడా ఏది దొరికిందనే దానికంటే ఎక్కడ దొరికిందనేదే ముఖ్యం. నడుం దగ్గర చిన్న కత్తి, ఆడవాళ్లకైతే భుజాల దగ్గర రెండు బ్రోచ్‌లు. మనిషి ఎముక దొరికినంత మాత్రాన సమాధి అనీ చెప్పలేం, ఊరి చెత్తగుంటల్లోనూ అప్పుడప్పుడు ఒకటీ అరా వస్తాయి.

ఎక్కడైనా ఎముక కనబడితే మిషన్ ఆపి సూపర్‌వైజర్‌కి చెప్పండి. ఇక్కడ మనుషుల అవశేషాలు తీయాలంటే లైసెన్స్ కావాలి.

నేను చెత్తగుంట అన్న ఆ మచ్చలో, ఒక కొసన, నాలుగు గాజు పూసలు వరసగా దొరికాయి. గుంత పొడవు మీటరు కూడా లేదు.