పాత సూపర్‌కారు: కొనుటయు, పోషించుటయు



ఒక గడీలో మేలుజాతి గుఱ్ఱమొకటి యుండెననుకొందము. దొర దానిని వేయి రూపాయలకు కొనెను. కొన్నియేండ్లు గడచిన పిమ్మట క్రొత్త గుఱ్ఱముపై మనసుపడి, పాతదానిని రెండువందలకు అమ్మివేసెను. కొన్న రైతు తనకు గొప్ప లాభము కలిగినదని సంతసించెను. కాని నాలుగు దినములు తిరుగకముందే అతనికొక సంగతి తెలియవచ్చెను. గుఱ్ఱపు వెల అయిదవవంతునకు దిగినదే కాని, దాని ఆకలి అయిదవవంతునకు దిగలేదు. గడీలో ఎన్ని ఉలవలు తినుచుండెనో, రైతు కొట్టములోను అన్నియే తినుచుండెను.

నేటి నా ప్రసంగము గుఱ్ఱమును గూర్చినది కాదు. పాత సూపర్‌కారును గూర్చినది. అయినను ఈ గుఱ్ఱపు సంగతిని కడవఱకు జ్ఞాపకముంచుకొనుడని మనవి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పొలము అమ్మిన పైకమో, గల్ఫు దేశములలో చెమటోడ్చి సంపాదించిన పైకమో ఇంటికి చేరినపుడు, చిన్నవాండ్రు చేతిఫోనులో ఒక బండి బొమ్మను చూపి, "తాతా, క్రొత్తదాని వెలలో మూడవవంతునకే వచ్చుచున్నది, కొందము" అనుట వింత కాదు. అట్టివేళ సలహాకు వారు పెద్దలయొద్దకే వత్తురు. కారణము చెప్పక "వలదు" అన్నచో వారు వినరు. విచారింపక "సరే" అన్నచో ఇల్లు గుల్లయగును. కావున పెద్దలు విషయము తెలిసి మాటలాడుట మేలు.

సూపర్‌కారనగా పందెపు బండివలె నిర్మింపబడి, బాటమీద తిరుగుటకు అనుమతి పొందిన మిక్కిలి వేగముగల మోటారుబండి. అది నేలకు అంటుకొన్నట్లు వంగియుండును. పెక్కింటిలో ఇంజను ముందుగాక, కూర్చుండువారి వెనుక నుండును. ఇద్దఱికి మాత్రమే చోటు. ఇటలీ దేశపు ఫెరారీ, లంబోర్గినీ కంపెనీలు ఇందు పేరుమోసినవి. రైతులకు నచ్చెడి సంగతి యొకటి యున్నది. లంబోర్గినీ కంపెనీని స్థాపించిన ఫెరూచ్చో లంబోర్గినీ మొదట ట్రాక్టర్లు చేయించినవాడు. 1948లో ఆ వ్యాపారము ప్రారంభించి, ధనము గడించి, 1963లో కార్ల కర్మశాలను నెలకొల్పెను.

ఆ కంపెనీ 2003 మొదలు 2013 వఱకు చేసిన గల్లార్డో అను బండిని ఉదాహరణముగ తీసికొందము. పాతబండ్ల బజారులో దాని పేరు తఱచు వినబడును. దాని ఇంజనులో పది సిలిండర్లు కలవు. మొదటి నమూనాకే సుమారు 500 గుఱ్ఱముల బలము. మన పొలములలో దున్ను ట్రాక్టరునకు 45 లేక 50 గుఱ్ఱముల బలముండును. అనగా పది ట్రాక్టర్ల బలము ఇద్దఱు మనుష్యులను మోయుటకు వినియోగమగుచున్నది. దాని వేగము గంటకు 300 కిలోమీటర్లకు పైమాట. మన దేశమున నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్ర ప్రభుత్వము 2018లో విధించిన గరిష్ఠ పరిమితి 100 కిలోమీటర్లు. ఇతరములైన బాటలపై 70. కావున కామారెడ్డి మీదుగ పోవు 44వ నంబరు జాతీయ రహదారిపైన కూడ, చట్టమునకు లోబడినవాడు ఆ బండి వేగములో మూడవవంతునకు మించి వాడుకొనలేడు.

ఇట్టి బండి వెల పది పండ్రెండేండ్లలో అంతగా ఏల పడిపోవును? క్రొత్త నమూనాలు వచ్చుట యొక కారణము. శ్రీమంతులు పాతదానిని కోరరు, సామాన్యులు పోషింపలేరు, నడుమ కొనువారు కొద్దిమందియే మిగులుదురు. అంతకంటె ముఖ్యమైన కారణము వేఱొకటి కలదు. పెద్ద మరమ్మతు దగ్గఱపడినపుడే పెక్కుబండ్లు అమ్మకమునకు వచ్చును. చవుకతనము అమ్మువాని ఔదార్యము కాదు. రాబోవు ఖర్చు అతనికి ముందుగా తెలిసియుండుటయే.

ఆ ఖర్చు ఎట్టిదో చూతము. ఏడాదికి మూడువేల కిలోమీటర్లు మాత్రమే తిరిగినను, లీటరునకు ఆఱు కిలోమీటర్ల చొప్పున 500 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు నూఱు రూపాయలకు పైబడియున్నది గనుక అరలక్షకు మించును. కొనువారందఱు మొదట అడుగునది ఈ ఖర్చును గూర్చియే. కాని అన్నిటిలో చిన్న ఖర్చు ఇదియే!

టైర్లు వెడల్పైనవి, మెత్తనివి, త్వరగా అరిగిపోవును. నాలుగింటి వెల లక్ష దాటుట సామాన్యము. అరుగకున్నను వయసు మీఱిన టైరు పనికిరాదు. టైరు ప్రక్కమీద నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో, అది 2019వ సంవత్సరమున 23వ వారములో చేసిన టైరని అర్థము. పండ్లు చూచి ఎద్దు వయసు చెప్పగల మీకు ఈ విద్య కష్టము కాదు. క్లచ్చు మఱియొకటి. ఆ కాలపు పెక్కు బండ్లలో కాలితో త్రొక్కు క్లచ్చునకు బదులు యంత్రమే దానిని నడుపును. గుంపులలో, వాహనముల రద్దీలో ఆగుచు కదలుచు నడిపినచో అది త్వరగా కాలిపోవును. దాని మార్పునకు లక్షలు కావలెను. ఇంకను ఎంత మిగిలియున్నదో కంప్యూటరు తగిలించి చూచిన తెలియును. కొనుటకు ముందే చూపించుకొనవలెను.

తిరుగక యుంచినచో ఖర్చు లేదనుట కూడ పొరపాటే. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, బండి నిలిచియున్నను రెండేండ్లకొకసారి మార్చవలెను. 1990వ దశకమున చేసిన ఫెరారీ 355 అను బండిలో టైమింగ్ బెల్టు అను పట్టాను, కిలోమీటర్లతో నిమిత్తము లేక, కొన్నియేండ్లకొకసారి మార్చవలసియుండును. ఆ ఒక్క పట్టా మార్చుటకు ఇంజనునంతటిని క్రిందికి దింపవలెను. మార్చక పట్టా తెగినచో ఇంజనే పాడగును. ఇట్లు ప్రతి నమూనాకు దానికి తగిన వ్యాధి యొకటి యుండును. కొనువాడు ముందుగా ఆ వ్యాధి పేరు తెలిసికొని, చికిత్స జరిగినదా లేదా యని రసీదులు చూచి నమ్మవలెనే కాని మాటలు విని నమ్మరాదు.

పెట్రోలును గూర్చి కూడ ఒక జాగ్రత్త కలదు. చెఱకు మొదలగు పంటలనుండి తీసిన ఎథనాలును పెట్రోలులో నూటికి 20 పాళ్లు కలుపుట 2025 నాటికి మన దేశమున సాధింపబడినది. పాత బండ్లు పెక్కు దీనిని ఉద్దేశించి చేసినవి కావు. ఎథనాలు తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములకు హాని చేయవచ్చును. కావున ఆ బండి ఎన్నిపాళ్ల ఎథనాలును తట్టుకొనునో కంపెనీవారి పుస్తకములో చూచుకొనవలెను. టాంకులో నింపిన పెట్రోలును నెలల తరబడి నిలువయుంచరాదు.

ఇక మన బాటల సంగతి. కామారెడ్డినుండి తాడ్వాయి, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. ఊరూర వేగనిరోధకపు దిబ్బలుండును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణము ననుసరించి అట్టి దిబ్బ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండవలెను. ఊరివారు తామే వేసికొన్న దిబ్బ ఆ కొలతకు లోబడునా? అది యిరుకుగాను, నిటారుగాను ఉండును. సూపర్‌కారు అడుగుభాగమునకు నేలకు నడుమ దూరము నాలుగైదు అంగుళములు, అనగా 10 మొదలు 13 సెంటీమీటర్లు. కావున బండి కడుపు దిబ్బకు రాచుకొనుట తప్పదు. కొన్ని బండ్లలో ముందుభాగమును కొంచెము పైకెత్తు మీట యుండును. మన ప్రాంతమున తిప్పదలచినవారు ఆ మీటలేని బండిని చూడనే కూడదు. వానకాలపు గుంటలు, కల్లము చేసిన బాటమీద ఆరబోసిన వడ్లు, మక్కలు, ఎదురుపడు గొఱ్ఱెల మందలు అన్నియు లెక్కలోనికి తీసికొనదగినవే.

నీటను మునిగిన బండిని గుర్తించుట మఱియొక ముఖ్యవిషయము. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన అతివృష్టిని ఎవరు మఱతురు? బాటలు తెగిపోయినవి, ఇండ్లముందున్న బండ్లు నీటిపాలైనవి. ఇట్టి వఱదలు చెన్నపట్టణమున, ముంబయిలో, హైదరాబాదులోను వచ్చినవే. మునిగిన బండ్లను కడిగి, మెఱుగుపెట్టి దూరపు ఊళ్లలో అమ్మువారు కలరు. కూర్చుండు బెల్టును చివఱవఱకు లాగిచూడుడు. మురికినీటి చార కనబడవచ్చును. ఆసనముల క్రింది మరలకు త్రుప్పు, చాపల క్రింద సన్నని ఒండు, దీపముల లోపల ఆవిరి, తలుపు తెఱవగానే ముక్క వాసన ఇవన్నియు సాక్ష్యములే. సూపర్‌కారు కంప్యూటర్లతోను తీగలతోను నిండియుండును. నీరు త్రాగిన తీగ నేడు పనిచేసినను రేపు మోసగించును. పగటివేళ, బండిని పైకెత్తించి, ఆ జాతి బండ్లను ఎఱిగిన మేస్త్రీచేత చూపింపక బేరమాడరాదు. ఆ మేస్త్రీ అమ్మువాని మనిషి కాకూడదు.

కాగితములు బండికంటె ముఖ్యములు. ఇంజను, ఛాసిస్ నంబర్లు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోవలెను. బ్యాంకు అప్పుకు తాకట్టుపడియున్నచో, తీరినదని బ్యాంకు పత్రము తెచ్చి ఆ తాకట్టును రిజిస్ట్రేషనునుండి తొలగింపవలెను. విదేశమునుండి దిగుమతియైన బండికి సుంకము చెల్లించినట్లు కస్టమ్సు పత్రముండవలెను. లేనిచో సర్కారువారు బండిని పట్టుకొనిపోవుదురు, పైకము తిరిగిరాదు. అన్యరాష్ట్రపు బండి ఇచ్చట పండ్రెండు నెలలకు మించి యుండినచో ఇచ్చటి నంబరు పొందవలెను. ఇచ్చటి పన్నును చెల్లింపవలెను. చవుకగా తోచిన దూరదేశపు బేరము ఈ పన్నుతో చవుక కాకపోవచ్చును.

బండి అమ్మినవాడు, స్వరాష్ట్రమైనచో 14 దినములలో, అన్యరాష్ట్రమైనచో 45 దినములలో అధికారులకు తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో తన పేరిట మార్పించుకొనవలెను. ఇన్సూరెన్సును కూడ 14 దినములలో తన పేరిటికి మార్పుటకు దరఖాస్తు చేయవలెను. ఇది వట్టి లాంఛనము కాదు. పలుచేతులు మారిన యొక బండి ప్రమాదము చేయగా, రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో అతడే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండిని అమ్మి పైకము తీసికొనినను, పేరు మాఱనంతవఱకు అపాయము మన నెత్తిమీదనే యుండును.

మఱియొక చట్టము పెద్దలకే సంబంధించినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునకో యజమానికో మూడేండ్లవఱకు ఖైదు, 25,000 రూపాయల జుర్మానా విధింపవచ్చును. వేగమును అదుపులో ఉంచుకొనుట ముప్పదియేండ్లవానికే కష్టమైన బండి అది. దాని తాళపుచెవిని పెద్దల చేతినుండి పిల్లల చేతికి పోనీయరాదు.

ఇన్ని విన్న పిమ్మటను కొనదలచినవారికి నేను చెప్పునది యిది. కొన్నవెలలో మూడవవంతునకు తక్కువగాని పైకమును మొదటి రెండేండ్ల మరమ్మతులకై వేఱుగ నిలువయుంచుడు. అది లేనిచో బండి కొనవలదు. అప్పుచేసి కొనవలదు; పొలము తాకట్టు పెట్టి అసలే వలదు. ఏడాదికొకసారి నూనె మార్పించుడు. వారమునకొకసారి ఇంజను వేడెక్కువఱకు నెమ్మదిగా నడిపి, ఆ పిమ్మటనే వేగము పెంచుడు. నిలిపియుంచినపుడు బ్యాటరీ చావకుండ సన్నని కరెంటు అందించు సాధనము తగిలింపుడు. కొట్టములో నిలుపువారు ఎలుకలను మఱువరాదు. ఒక్క ఎలుక ఒక్క రాత్రి కొఱికిన తీగలకు వేలు, లక్షలు కావచ్చును.

ఈ నియమములు సూపర్‌కారునకే కాదు, పాత బెంజి, ఆడీ, బి.ఎం.డబ్ల్యు. బండ్లకును వర్తించును. వీనిని కొనువారు మన పట్టణములలో ఎక్కువ. మోసపోవువారును వారిలోనే ఎక్కువ.

ముచ్చటపడుట తప్పు కాదు. కష్టపడి సంపాదించినవాడు తన యిష్టమునకు కొంత వెచ్చించుట న్యాయమే. మనుమడు బొమ్మ చూపి వెల చెప్పినపుడు కోపింపవలదు. "వెల సరే నాయనా, ఏటికి ఉలవలెన్ని?" అని అడుగుడు. అతడు కాగితముమీద లెక్కవ్రాసి తెచ్చినచో కూర్చుండి చూడుడు. వ్రాయలేకపోయినచో బేరము అచ్చటనే ఆగవలెను.

సెలవు.