గర్భస్థ శిశువు మెదడుకు ప్రాణవాయువు

చెఱువులో నీరు తగ్గిన సంవత్సరమున గ్రామపెద్దలు ఏమి చేయుదురు? త్రాగుటకు కావలసిన నీటిని ముందు నిలిపి, మిగిలినదానినే పొలములకు వదలుదురు. ప్రాణవాయువు కొఱవడినప్పుడు తల్లి గర్భములోని శిశువు శరీరము కూడ ఇట్టి ఏర్పాటునే చేసికొనును. ఆ ఏర్పాటు ఎంతవరకు నిలుచునో, ఎప్పుడు చెడునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఏలయనగా, దీని నివారణోపాయములలో పెక్కు గ్రామములోనే ఉన్నవి.

గర్భములో ప్రాణవాయువు

గర్భములోని శిశువు గాలిని పీల్చదు. తల్లి రక్తములోని ప్రాణవాయువు మావిని చేరి, అచ్చటినుండి బొడ్డుత్రాటిలోని ఒక నాళము ద్వారా శిశువునకు అందును; వాడిన రక్తము మఱి రెండు నాళముల ద్వారా మావికి తిరిగి పోవును. శిశువు రక్తములో ప్రాణవాయువు సహజముగానే తక్కువ. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ఈ స్థితిని ఎవరెస్టు శిఖరముతో పోల్చెను. ఆ కొఱతకు తగినట్లు శిశువు రక్తములోని హీమోగ్లోబిన్, పెద్దవారి దానికన్న గట్టిగా ప్రాణవాయువును పట్టుకొనును. కాని ఆ కొంచెములో మఱికొంత తగ్గినచో ప్రమాదము మొదలగును.

మెదడుకు తొలి వాటా

అప్పుడు కాలుసేతులకు, ప్రేగులకు, మూత్రపిండములకు పోవు రక్తనాళములు ముడుచుకొనును. మెదడులోని నాళములు విప్పారి ఎక్కువ రక్తమును తెచ్చుకొనును. వైద్యులు డాప్లర్ స్కానింగులో ఈ మార్పును గుర్తింపగలరు.

ఇది కొద్దికాలపు రక్షణ మాత్రమే. కొఱత వారముల తరబడి సాగినచో నాళములే మారిపోవును. అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూడి గొఱ్ఱెలను కాలిఫోర్నియాలో సుమారు 3,800 మీటర్ల ఎత్తుగల కొండపై 110 దినములు ఉంచి పరిశీలించిరి. గర్భములోని పిల్లల మెదడు నాళముల గోడలును, అవి సంకోచించు తీరును మారినట్లు కనుగొనిరి. ఆరోగ్యముగల నాళము, రక్తపుపోటు హెచ్చినను తగ్గినను మెదడుకు రక్తమును సమముగా పంపును. దెబ్బతిన్న నాళము, తలుపు చెడిన తూమువలె, ఆ పనిని సరిగా చేయజాలదు.

నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడులో కొన్ని నాళములు మిగుల సున్నితములు. అవి చిట్లి రక్తస్రావమగుట పుట్టిన మొదటి 3 దినములలోనే ఎక్కువ. అట్టి బిడ్డలలో కొందఱికి నడక, మాట ఆలస్యమగును. అయితే అందఱికిని లోపము కలుగునని భయపడరాదు. లోపముగల ప్రతి బిడ్డకును ఇదే కారణమనియు చెప్పరాదు. తల్లిని నిందించుట ఎంతమాత్రము తగదు.

మన గ్రామములలో కారణములు

కొండలపై గాలి పలుచనగుటచే ప్రాణవాయువు తగ్గును. మన పల్లెలలో ఆ కొఱత ఇతర మార్గముల వచ్చును. గర్భిణి రక్తపుపోటు 140/90 లేక అంతకు మించినచో మావికి రక్తము చాలినంత అందకపోవచ్చును. హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత, 7 గ్రాములకు తగ్గినచో తీవ్రమైన ప్రమాదము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములోని గర్భిణులలో 52.2 శాతము మందికి రక్తహీనత కలదు. పొయ్యి పొగలోను, చుట్ట పొగలోను ఉండు కార్బన్ మోనాక్సైడు రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. ఉత్తరాంధ్ర తీరమున కొందఱు స్త్రీలు కాల్చు అడ్డపొగ ఇందుకు మినహాయింపు కాదు.

పంచాయతీ కర్తవ్యము

ప్రతి గర్భిణియు కనీసము 4 పర్యాయములు పరీక్ష చేయించుకొనునట్లును, 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము బిళ్లలు వాడునట్లును ఆశా కార్యకర్తతో కలిసి చూడవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో జరుగు ఉచిత గర్భిణీ పరీక్షలను చాటింపు వేయింపవలెను. బిడ్డ కదలిక తగ్గినను, తీవ్రమైన తలనొప్పి వచ్చినను, రక్తస్రావమైనను తెల్లవారువరకు వేచియుండక 108 వాహనమును పిలువవలెనని ఇంటింటికి తెలియజేయవలెను. ఆ వాహనము వానకాలమున సైతము ఊరిలోనికి వచ్చునట్లు బాటను సరిచేయుట పంచాయతీ పనియే.

పుట్టని బిడ్డ తన మెదడును కాపాడుకొనుటకు తన వంతు చేయుచున్నది. మిగిలిన వంతు మనది.